ద్వారము వద్ద అడుగు ప్రశ్న
పోస్ట్‌గ్రెస్ ప్రవేశ నియమములపై ఒక విమర్శ

ఒక కచేరీలోనికి పోవు మనిషికి రెండు ప్రశ్నలు ఎదురగును. మొదటిది వాకిట నున్న జవాను అడుగును: "మీరెవరు?" రెండవది లోపల గుమాస్తా అడుగును: "ఈ దస్త్రమును చూచుటకు మీకు అధికారము కలదా?" ఇవి వేరువేరు ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు సరియైన జవాబు రాబట్టలేని చోట, రెండవ ప్రశ్నను ఎంత కట్టుదిట్టముగా అడిగినను ఫలితము లేదు. ఎవరో ఒకరు వచ్చి "నేనే ప్రధానోపాధ్యాయుడను" అని లోపలికి పోయినచో, ప్రధానోపాధ్యాయునికి గల అధికారములన్నియు ఆతనికి దక్కును.

నేడు విద్యార్థుల మార్కులు, రోగుల వివరములు, బ్యాంకు ఖాతాలు డేటాబేసులలో భద్రపరచబడుచున్నవి. డేటాబేసును కాపాడి, అడిగినవారికి సమాచారము నందించు కార్యక్రమమును సర్వరు అందురు. అడుగుటకు వచ్చునది క్లయింటు. వచ్చిన క్లయింటు ఎవరో నిర్ణయించుటకు ధ్రువీకరణ మని పేరు. ఈ పనిని పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసు సర్వరు ఎట్లు నిర్వహించుచున్నదో, అందలి గుణదోషములెవ్వియో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పోస్ట్‌గ్రెస్ పరిశోధన 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌లీలో, మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ఆరంభమైనది. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనువారు దానికి ఎస్‌క్యూఎల్ భాషను అమర్చిరి. 1996లో దానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరు వచ్చినది. మూలము అందరికిని తెరచియుండుటచేతను, వెల లేకుండుటచేతను, దీనిని చిన్న పాఠశాల మొదలు పెద్ద సంస్థ వరకు ఎవరైనను వాడుకొనవచ్చును.

చిట్టా ఎట్లుండును?

పోస్ట్‌గ్రెస్ తన ప్రవేశ నియమములన్నింటిని ఒక సాధారణమైన పాఠ్య ఫైలులో ఉంచుకొనును. దాని పేరు పీజీ-హెచ్‌బీఏ. హెచ్‌బీఏ అనగా "హోస్ట్ బేస్డ్ ఆథెంటికేషన్", అనగా ఏ యంత్రము నుండి వచ్చుచున్నారో దానిని బట్టి జరుగు ధ్రువీకరణ. ఇందులో పంక్తి కొక నియమము చొప్పున వ్రాయుదురు. పంక్తిలో ముఖ్యమైన గడులు అయిదు: ఏ విధమైన దారిన వచ్చినారు, ఏ డేటాబేసు కావలెను, ఏ పేరుతో వచ్చినారు, ఏ చిరునామా నుండి వచ్చినారు, వారిని ఏ పద్ధతిలో పరీక్షింపవలెను.

ఒక పాఠశాలలో మార్కుల డేటాబేసు ఉన్నదనుకొందము. చిట్టాలో మూడు పంక్తులు ఉన్నవి. మొదటి పంక్తి: సర్వరు నడచుచున్న యంత్రము మీదనే కూర్చున్న నిర్వాహకుని "పీర్" పద్ధతిలో అనుమతింపుము, అనగా ఆతడెవరో ఆ యంత్రపు ఆపరేటింగ్ సిస్టమునే అడిగి తెలిసికొనుము. రెండవ పంక్తి: 192.168.10.0/24 చిరునామాల నుండి గుమాస్తా వచ్చి మార్కుల డేటాబేసు కోరినచో, గుప్తీకరించిన దారిన వచ్చినపుడు మాత్రమే, పాస్‌వర్డు పరీక్షించి అనుమతింపుము. మూడవ పంక్తి: మరెవ్వరు ఎచ్చటి నుండి వచ్చినను తిరస్కరింపుము.

ఇక్కడ /24 అను గుర్తును విద్యార్థులు గమనింపవలెను. ఇట్టి చిరునామా 32 ద్విసంఖ్యాంకములు గలది. వానిలో మొదటి 24 సరిపోలిన చాలునని దీని అర్థము. మిగిలినవి 8, కనుక 2ను 8 మారులు హెచ్చించగా వచ్చిన 256 చిరునామాలు, అనగా 192.168.10.0 మొదలు 192.168.10.255 వరకు, ఈ నియమము క్రిందికి వచ్చును. /24కు బదులు /16 అని వ్రాసినచో ఆ సంఖ్య 65,536 అగును. /0 అని వ్రాసినచో లోకములోని అట్టి చిరునామాలన్నియు లోనగును. చిట్టాలో ఒకటి రెండు అంకెలు మారినంతనే వాకిలి ఇంత వెడల్పగును.

విమర్శకు కొలబద్ద

ఇట్టి ఏర్పాటు మంచిదో చెడ్డదో తేల్చుటకు ఒక కొలబద్ద కావలెను. ప్రవేశ నియమములలో తప్పులు రెండు విధములు. కట్టుదిట్టము హెచ్చుటవలన కలుగు తప్పు మొదటిది: రావలసిన వానిని ఆపుట. సడలింపు హెచ్చుటవలన కలుగు తప్పు రెండవది: రాగూడని వానిని విడిచిపెట్టుట. మొదటి తప్పు దానంతట అదే బయటపడును. ఆపబడిన గుమాస్తా వెంటనే వచ్చి మొరపెట్టుకొనును. ఆ దినముననే సవరింపబడును. రెండవ తప్పు ఏ చప్పుడును చేయదు. లోపలికి పోగలిగిన దొంగ వచ్చి ఫిర్యాదు చేయడు గదా!

కాబట్టి ప్రవేశ నియమములను రూపొందించువారు మనుష్యులు పొరపాటు పడుదురని ముందే ఎరిగి, ఆ పొరపాటు మొదటి విధమునకే దారితీయునట్లు చూడవలెను. ఈ కొలబద్దతో చూచినపుడు పోస్ట్‌గ్రెస్ చిట్టాలో మెచ్చదగినవియు కలవు, మెచ్చరానివియు కలవు.

మెచ్చదగినవి

వచ్చిన క్లయింటుకు సరిపోవు పంక్తి ఏదియు చిట్టాలో లేనిచో ప్రవేశము లేదు. నియమము వ్రాయుట మరచినచో వాకిలి మూసియే యుండును. ఇది మొదటి గుణము.

రెండవ గుణము అంతకంటె ఆలోచించి చేసినది. సర్వరు చిట్టాను పైనుండి క్రిందికి చదువుచు, మొట్టమొదట సరిపోలిన పంక్తి యొద్ద ఆగును. ఆ పంక్తి చెప్పిన పరీక్షలో క్లయింటు తప్పినచో అంతటితో సరి. క్రింది పంక్తులను చూడదు. "ఈ పరీక్షలో తప్పితివి, పోనీ, తరువాతి పరీక్షకు రమ్ము" అను మాట లేదు. అట్లు రెండవ అవకాశ మిచ్చినచో, చిట్టాలోని నియమములన్నింటి బలము వానిలో మిక్కిలి బలహీనమైన దాని బలమే అగును. వచ్చినవాడు గట్టి పరీక్షలను దాటి పోయి తేలిక దానిని ఎన్నుకొనును.

మూడవ గుణము మాటలలో పొదుపు. పాస్‌వర్డు తప్పినచో క్లయింటుకు ధ్రువీకరణ విఫలమైనదని మాత్రమే తెలియును. ఏ పంక్తి వర్తించినదో, ఏల తప్పినదో అను వివరములు సర్వరు తన దినచర్య పుస్తకములో, అనగా లాగు ఫైలులో వ్రాసికొనును. స్క్రామ్ అను పద్ధతిలోనైతే, అసలు లేని పేరు చెప్పినను, ఉన్నవానితో వలెనే సంభాషణ నడిపి తుదకు కాదనును. అందుచేత ఏ పేర్లు నిజముగా ఉన్నవో పరాయివానికి తెలియదు.

పాస్‌వర్డు పరీక్షలో వచ్చిన మార్పు

ఈ స్క్రామ్ పద్ధతి పోస్ట్‌గ్రెస్ సాధించిన పురోగతికి మంచి నిదర్శనము. దీనికి ముందు ఎండీ5 అను పద్ధతి ఉండెడిది. అందు పాస్‌వర్డును, పేరును కలిపి, హాష్ అను ఏకముఖ గణనము చేసి, వచ్చిన ఫలితమును సర్వరు దాచుకొనును. ఏకముఖ మనగా ముందునకు లెక్కించుట సులువు, వెనుకకు పోవుట కష్టము అని అర్థము. ప్రవేశ సమయమున సర్వరు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపును. క్లయింటు ఆ సంఖ్యను ఆ ఫలితముతో కలిపి మరల హాష్ చేసి పంపును.

ఇందలి లోపము చూడుడు. క్లయింటు జవాబును తయారుచేయుటకు పాస్‌వర్డే అక్కరలేదు. సర్వరు దాచుకొన్న ఫలితము చాలును. ఎవరైనను సర్వరు నుండి ఆ ఫలితములను దొంగిలించినచో, పాస్‌వర్డు తెలియకయే ఆ పేరుతో ప్రవేశింపవచ్చును. తాళపుచెవి అచ్చును వాకిటనే వ్రేలాడదీసినట్లయినది.

స్క్రామ్ పద్ధతిలో సర్వరు దాచునది వేరు, క్లయింటు చూపవలసినది వేరు. పాస్‌వర్డుకు ఒక యాదృచ్ఛిక సంఖ్యను చేర్చి, సాధారణముగా 4096 మారులు గణనము జరిపి ఒక రహస్యమును రాబట్టుదురు. దాని నుండి పుట్టిన క్లయింటు చెవిని మరల హాష్ చేయగా వచ్చినదే సర్వరు వద్ద ఉండును. క్లయింటు తన వద్ద చెవి ఉన్నదని ప్రతి మారును క్రొత్తగా రుజువు చూపవలెను. సర్వరు వద్ద నున్న దాని నుండి ఆ చెవిని తిరిగి పొందుటకు వీలులేదు. పైగా, సర్వరు కూడ తాను అసలైన సర్వరునేనని క్లయింటుకు రుజువు చూపును. 4096 మారుల గణనము వలన నిజమైన క్లయింటుకు కలుగు ఆలస్యము స్వల్పము. లక్షలాది పాస్‌వర్డులను ఊహించి చూచువానికి మాత్రము ప్రతి ఊహకును అంత శ్రమ తప్పదు.

ఈ పద్ధతి 2017లో వెలువడిన 10వ రూపములో ప్రవేశించినది. 2021 నాటి 14వ రూపము నుండి క్రొత్త పాస్‌వర్డులు తమంతట తామే ఈ విధముగా దాచబడుచున్నవి. 2025లో వచ్చిన 18వ రూపము ఎండీ5 పాస్‌వర్డులు ముందు ముందు తొలగింపబడునని హెచ్చరించినది. పాతదానిని ఒక్కసారిగా తెంచివేయక, ఎనిమిది సంవత్సరముల కాలము వాడుకరులను నడిపించిన తీరు ప్రశంసింపదగినది.

మెచ్చరానివి

ఇక లోపములు. మొదటి లోపము పంక్తుల వరుసలో ఉన్నది. పైన చెప్పిన పాఠశాల చిట్టానే తీసికొందము. ఒకనాటి సాయంకాలము ఏదో మరమ్మతు పని పడినది. పని త్వరగా కావలెనని నిర్వాహకుడు చిట్టా మొదట ఒక పంక్తి చేర్చినాడు: 192.168.10.0/24 నుండి ఎవరు ఏ పేరుతో ఏ డేటాబేసు కోరినను "ట్రస్ట్" పద్ధతిలో అనుమతింపుము. పని ముగిసినది, పంక్తిని తీసివేయుట మరచినాడు.

మరునాటి ఉదయము ఏమి జరుగును? గుమాస్తా యంత్రములో పాస్‌వర్డు ముందే దాచబడి ఉన్నది. ఆతడు ఎప్పటివలెనే ప్రవేశించును, మార్కులు ఎక్కించును. సర్వరు ఇపుడు ఆ పాస్‌వర్డును అడుగుటయే మానినదని ఆతనికి తెలియదు. ఎవ్వరికిని తెలియదు. గట్టి పరీక్ష చెప్పిన పంక్తి చిట్టాలో చెక్కుచెదరక ఉన్నది. చదివినవారికి ధైర్యము కలిగించుచునే ఉన్నది. కాని సర్వరు అంతవరకు రానే రాదు. అదే చిరునామాలలో గల ప్రయోగశాలలోని ఏ విద్యార్థియైనను నిర్వాహకుని పేరు చెప్పి, పాస్‌వర్డు లేకయే లోనికి పోగలడు. నిర్వాహకునికి లోపలి అధికార పరీక్షలు వర్తింపవు. కనుక ఎవరి మార్కులనైనను మార్చగలడు. ఒక పిల్లవాని సంవత్సరపు కష్టము ఆ మరచిన పంక్తిపై ఆధారపడి ఉన్నది.

వరుసకు ప్రాధాన్య మిచ్చుటయే తప్పని అనరాదు. మైఎస్‌క్యూఎల్ అను మరొక సర్వరు వేరు మార్గము త్రొక్కినది. అందు వినియోగదారుని పేరును, ఆతడు వచ్చు చిరునామాను కలిపి ఒక ఖాతాగా పట్టికలో వ్రాయుదురు. వ్రాసిన వరుసతో పనిలేదు. మిక్కిలి నిర్దిష్టమైన చిరునామా గల ఖాతాను సర్వరు తానే ముందునకు తెచ్చుకొనును. ఇందు మరచిన విశాల నియమము నిర్దిష్టమైన దానిని కప్పివేయు ప్రమాదము తక్కువ. కాని సర్వరు మనసులో ఏ వరుస ఉన్నదో చూచువాని కంటికి వెంటనే కానరాదు. పోస్ట్‌గ్రెస్ చిట్టాను పై నుండి క్రిందికి చదువగల వారెవరైనను సర్వరు ఏమి చేయునో చెప్పగలరు. చదువుటకు పోస్ట్‌గ్రెస్ మార్గమే మేలు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. 10వ రూపము నుండి చిట్టాలోని నియమములను ఒక పట్టికగా చూపు సదుపాయము కలదు. పంక్తిలో వ్రాతదోషము ఉన్నచో అది చూపును. కాని "ఈ పంక్తిని పై పంక్తి పూర్తిగా కప్పివేసినది, ఇది ఎన్నటికిని పనిచేయదు" అని చూపదు. యంత్రముల పేర్లు, వినియోగదారుల బృందములు చేరినపుడు దానిని తేల్చుట కష్టమే. కాని ఉత్త చిరునామాలు, "అందరు" అను మాట మాత్రమే ఉన్నపుడు అది చిన్న లెక్క. అట్టి హెచ్చరిక లేకుండుట ఈ ఏర్పాటులో పెద్ద కొరత.

రెండవ లోపము పేర్లలో ఉన్నది. "ట్రస్ట్" అనగా నమ్మకము. ఇది మంచిమాట, కాని ఇక్కడ దాని అర్థము "ఏమియు అడుగవద్దు" అని. "పాస్‌వర్డ్" అను పేరుగల పద్ధతి వినుటకు సరియైనదిగా తోచును; కాని అది పాస్‌వర్డును ఉన్నదున్నట్లు పంపించు పద్ధతి. దారి గుప్తీకరింపబడనిచో మధ్య నున్నవాడు దానిని చదువుకొనును. ప్రమాదమునకు మెత్తని పేరు పెట్టుట మంచిది కాదు. డేటాబేసును మొదటిసారి నెలకొల్పు ఉపకరణము సైతము, వేరుగా చెప్పనిచో, అదే యంత్రము నుండి వచ్చువారికి ట్రస్ట్ పద్ధతినే వ్రాసిపెట్టును. అది హెచ్చరిక చేయుననుటయు, సర్వరు మొదట బయటి యంత్రముల పిలుపు విననే వినదనుటయు నిజమే. కాని పలువురు పంచుకొను యంత్రముపై అది చాలదు.

మూడవది ఐడెంట్ పద్ధతి. అందు సర్వరు, క్లయింటు వచ్చిన యంత్రమునే "నీ వద్ద నుండి వచ్చిన ఈతని పేరేమి?" అని అడుగును. ఆ యంత్రము వచ్చినవాని చేతిలోనిదే అయినచో, ఆతడు తనకు తానే సాక్ష్యము చెప్పుకొన్నట్లగును. ఈ పద్ధతిని నిర్దేశించిన 1993 నాటి పత్రమే దీనిని ప్రవేశ నియంత్రణకు ఉద్దేశింపలేదని చెప్పినది. పూర్తిగా ఒకరి అదుపులో ఉన్న యంత్రముల మధ్యనే తప్ప దీనిని వాడరాదు.

నాలుగవది, మార్పు అమలునకు వచ్చు తీరు. చిట్టాను సవరించిన తరువాత, దానిని మరల చదువుమని సర్వరుకు చెప్పవలెను. సవరణలో వ్రాతదోషము ఉన్నచో సర్వరు క్రొత్త చిట్టాను త్రోసిపుచ్చి, లాగు ఫైలులో ఆ మాట వ్రాసి, పాత నియమములతోనే సాగును. పని ఆగకుండుట మేలే. కాని ట్రస్ట్ పంక్తిని తీసివేయుటకు చేసిన సవరణయే తప్పినచో, తీసివేసితి ననుకొన్న పంక్తి ఇంకను పనిచేయుచునే ఉండును. అట్లే, చిట్టా మారినను అప్పటికే లోపల నున్నవారు బయటకు పంపబడరు. క్రొత్తగా వచ్చువారికే క్రొత్త నియమము. సడలింపు తప్పు చప్పుడు చేయదని చెప్పిన మాట ఇక్కడను నిజమగుచున్నది.

ఒక ప్రయోగము

ఈ విషయమును ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును. నిజమైన వివరములేవియు లేని ఒక విడి కంప్యూటరులో పోస్ట్‌గ్రెస్‌ను నెలకొల్పి, "శిష్యుడు" అను వినియోగదారునికి ఒక పాస్‌వర్డు ఇయ్యవలెను. చిట్టా మొదట 127.0.0.1/32 చిరునామాకు, అనగా ఆ యంత్రమునకే, స్క్రామ్ పద్ధతి వ్రాసి, చిట్టాను మరల చదివింపవలెను. ఆ చిరునామా ద్వారా సరియైన పాస్‌వర్డుతో ప్రవేశింపుడు, లోపలికి పోవుదురు. తప్పు పాస్‌వర్డుతో ప్రయత్నింపుడు, తిరస్కరింపబడుదురు. ఇపుడు ఆ పంక్తికి పైన అదే చిరునామాకు ట్రస్ట్ పంక్తిని చేర్చి మరల చదివింపుడు. సరియైన పాస్‌వర్డుతో ఎప్పటివలెనే లోపలికి పోవుదురు. ఏ తేడాయు కానరాదు. తప్పు పాస్‌వర్డుతోను పోవుదురు! రెండు పంక్తులను తారుమారు చేసి చదివించినచో తప్పు పాస్‌వర్డు మరల తిరస్కరింపబడును. ప్రయోగము ముగియగానే ట్రస్ట్ పంక్తిని చెరపివేయవలెను.

ఈ ప్రయోగమున గ్రహింపవలసినది ఒకటి కలదు. సరియైన చెవితో తాళము తెరచుకొన్నంత మాత్రమున తాళము మంచిదని రుజువు కాదు. తప్పు చెవితో తెరచుకొనకుండుటయే రుజువు. చిట్టాను సవరించిన ప్రతి నిర్వాహకుడును తప్పు పాస్‌వర్డుతో ఒకసారి, అనుమతి లేని యంత్రము నుండి ఒకసారి ప్రయత్నించి, తిరస్కారము పొందిన తరువాతనే పని ముగిసినదనుకొనవలెను.

ముగింపు

మొత్తముమీద పోస్ట్‌గ్రెస్ చిట్టా శ్రద్ధగా చదువువానికి ఏమియు దాచని ఏర్పాటు. మరచినదానిని మూసియుంచుట, రెండవ అవకాశ మియ్యకుండుట, పాస్‌వర్డు పరీక్షను క్రమముగా బలపరచుట దాని ఘనతలు. చదువనివానిని హెచ్చరింపకుండుట దాని లోపము. ఆ హెచ్చరిక సర్వరులో చేరువరకు ఆ పని మనిషిదే. చిట్టాను పై నుండి క్రిందికి ఒక్కొక్క పంక్తియు చదివి, "ఈ పంక్తి వద్ద ఎవరు ఆగుదురు? వారిని ఏమి అడుగుచున్నాము?" అని ప్రశ్నించుకొనుటకు పట్టు కాలము కొలది నిమిషములు మాత్రమే.